ఇంటి ప్లాను ఫైలు 40 ఎంబీ అయింది, ల్యాప్‌టాప్ మార్చాల్సిందేనా?

పెన్నా_డ్రాఫ్టింగ్ (నెల్లూరు):

అన్నలందరికీ నమస్తే. నెల్లూరులో చిన్న ఆఫీసు నాది, నేనూ ఇంకో అబ్బాయీ, అంతే. ఇళ్ల ప్లాన్లు, మధ్యమధ్యలో లేఅవుట్ పని. ఇప్పుడు చేతిలో ఉన్నది ఒక జీ ప్లస్ టూ ఇల్లు. మూడు ఫ్లోర్లు, ఒక ఎలివేషన్, ఒక సెక్షన్, సైట్ ప్లాన్, సరుకంతా అంతే, కానీ ఆటోక్యాడ్ ఫైలు 40 ఎంబీ దాటింది. కాపీ చేసి పేస్ట్ కొడితే స్క్రీన్ తెల్లబడి నాట్ రెస్పాండింగ్ అంటుంది. హ్యాచ్ (గదిలో గీతల నింపుడు) కొడితే గది నాలుగు వైపులా మూసి ఉన్నా బౌండరీ దొరకలేదంటుంది. దగ్గరికి జూమ్ చేస్తే గోడల గీతలు రంపం పళ్లలా కనిపిస్తున్నాయి, కాస్త జరిపితే వణుకుతున్నాయి కూడా.

పార్టీ పక్కన కూర్చుని ఈశాన్యం ఇంకో అడుగు పెంచండి, మెట్లు దక్షిణానికి తిప్పండి అంటుంటే నేను మౌస్ పట్టుకుని గుడ్లప్పగించి చూస్తూ ఉండాల్సి వస్తోంది.

ల్యాప్‌టాప్ ఐ5, 8 జీబీ ర్యామ్, పాత రకం హార్డ్ డిస్క్. షాపులో అడిగితే ఇది పనికిరాదు, గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకోండి, లక్ష దాకా అవుతుంది అన్నారు. సైట్ సర్వే ఫైలు సర్వేయర్ ఇచ్చిందే, దాని మీదే ప్లాన్ గీశా. కొనేయమంటారా? లేక ఫైల్లోనే ఏదైనా తేడా ఉందా?

ఒంగోలు_స్ట్రక్చర్స్:

తమ్ముడూ, లక్ష జేబులోనే ఉంచు. ముందు ఒక చిన్న పరీక్ష చెయ్. ఖాళీ ఫైలు కొత్తగా తెరిచి నాలుగు గోడలు గీసి హ్యాచ్ కొట్టు. అది చకచకా జరిగితే నీ కంప్యూటర్‌కి రోగం లేదు, రోగం ఫైల్‌ది. నువ్వు చెప్పిన సరుకుకి రెండు మూడు ఎంబీ ఉంటే ఎక్కువ.

ఆ మిగతా బరువంతా ఎక్కడి నుంచి వస్తుందంటే, మన దగ్గర పని జరిగే పద్ధతి నుంచే. ఒక ఆఫీసు ఫైల్లోంచి తలుపులు కిటికీలు, ఇంకో ఫైల్లోంచి కార్లు చెట్లు సోఫాలు, బిల్డర్ ఇచ్చిన పాత ప్లాన్‌లోంచి టైటిల్ బ్లాక్, ఇలా పేస్ట్ చేసిన ప్రతిసారీ కంటికి కనపడే బ్లాక్‌తో పాటు కనపడని చెత్త కూడా వస్తుంది. పాత ప్రోగ్రాములు వదిలిపోయిన పేర్లు, అంటే రెగ్‌యాప్స్, వందల కొద్దీ స్కేల్ లిస్టులు, మైక్రోస్టేషన్ అనే ఇంకో డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చిన డీజీఎన్ లైన్‌స్టైల్స్ (గీతల రకాలు). ఈ మూడోది పరమ దరిద్రం, ఒక ఫైల్లోంచి ఒక్క గీత పేస్ట్ చేసినా మొత్తం వెంట వచ్చేస్తుంది, నీ ఫైలు నుంచి ఇంకొకరికి కూడా అంటుకుంటుంది.

ఫైలుకి కాపీ తీసి, కాపీ మీదే చెయ్యి ఇదంతా. ముందు ఆడిట్ కొట్టు, తప్పులు సరిచేయమంటావా అంటే ఎస్ అను. తర్వాత పర్జ్, అంటే వాడనివి తీసేసే కమాండ్, అందులో నెస్టెడ్ ఐటమ్స్ టిక్ పెట్టు. ఆ తర్వాత ముందు మైనస్ గుర్తు పెట్టి పర్జ్ అని టైప్ చేస్తే కమాండ్ లైన్‌లో అడుగుతుంది, అక్కడ రెగ్‌యాప్స్‌కి ఆర్ కొట్టి, పేరు అడిగితే స్టార్ గుర్తు పెట్టి, ఒక్కొక్కటీ కన్‌ఫర్మ్ చేయాలా అంటే నో అను. స్కేల్‌లిస్ట్‌ఎడిట్ తెరిచి రీసెట్ నొక్కు. అన్నీ అయ్యాక మళ్లీ ఒకసారి పర్జ్, ఎందుకంటే మొదటిసారి ఒకదాన్ని ఇంకొకటి పట్టుకుని ఉండిపోయినవి ఇప్పుడు ఊడతాయి. సేవ్ చేసి సైజు చూడు.

ఒక్క జాగ్రత్త. ఆన్‌లైన్ అప్రూవల్‌కి పెట్టే డ్రాయింగ్ అయితే పర్జ్‌లో లేయర్లు ముట్టుకోవద్దు. అప్రూవల్ టెంప్లేట్‌లో ఖాళీగా ఉన్న లేయర్లు కూడా అదే పేరుతో అలాగే ఉంచడం మంచిది, పర్జ్‌కి అవి వాడని లేయర్లుగా కనిపించి ఎగరగొట్టేస్తుంది, తర్వాత అప్‌లోడ్ చేసినప్పుడు రిజెక్ట్ అయితే ఎందుకో తెలియక తల పట్టుకుంటావు.

సైట్ ప్లాన్ కింద శాటిలైట్ ఫొటో ఏమైనా కంట్రోల్ వి కొట్టి పెట్టావా? అలా పెడితే ఫొటో మొత్తం ఫైలు కడుపులోకి వెళ్తుంది. ఇమేజ్ అటాచ్‌తో పెట్టు, అప్పుడు ఫైల్లో దాని అడ్రస్ మాత్రమే ఉంటుంది. కాకపోతే ఎవరికైనా పంపేటప్పుడు ఫొటోను కూడా కలిపి ప్యాక్ చేసే ఈ-ట్రాన్స్‌మిట్ వాడాలి, లేకపోతే వాళ్లకి ఫొటో ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా కనిపిస్తుంది.

కావలి_సర్వే:

ఆ రంపం పళ్లు, హ్యాచ్ గొడవ మాత్రం పర్జ్‌తో పోవు. అది మా సర్వే ఫైలు నుంచి వచ్చింది, తప్పు ఎవరిదీ కాదు. మేము డీజీపీఎస్ (సర్వేకి వాడే కచ్చితమైన జీపీఎస్) పెట్టి యూటీఎమ్ కోఆర్డినేట్లలో ఇస్తాం, అంటే భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో చెప్పే లెక్క. నెల్లూరు, ప్రకాశం రెండు జిల్లాలూ 44వ జోన్‌లో ఉంటాయి. నెల్లూరు టౌన్ తీసుకుంటే ఈస్టింగ్ (తూర్పు వైపు కొలత) సుమారు 3,90,000 మీటర్లు, నార్తింగ్ (ఉత్తరం వైపు కొలత) సుమారు 15,97,000 మీటర్లు. అంటే మీ ఇల్లు సున్నా కామా సున్నా నుంచి పదహారు వందల కిలోమీటర్ల దూరంలో కూర్చుని ఉంది. దాని మీద మీరు మిల్లీమీటర్లు కావాలని స్కేల్ వెయ్యి కొడితే నార్తింగ్ 159 కోట్లు దాటుతుంది.

ఆటోక్యాడ్ ఫైల్లో అంకెల్ని పదిహేను స్థానాల దాకా దాచుకుంటుంది, లెక్క అక్కడ పోదు. స్క్రీన్ మీద గీసే గ్రాఫిక్స్ కార్డు మాత్రం ఎక్కువగా ఏడు స్థానాల లెక్కతో నడుస్తుంది. 1597000 లోనే ఏడు అంకెలు అయిపోయాయి చూడండి, ఇక సెంటీమీటర్లకి చోటేది? అందుకే తొమ్మిదంగుళాల గోడ వణుకుతుంది. లక్ష పెట్టి కొత్త ల్యాప్‌టాప్ తెచ్చినా అదే వణుకు వస్తుంది, కాస్త వేగంగా వణుకుతుందేమో.

చాలామంది సర్వేని ఎత్తి తెచ్చి సున్నా దగ్గర పడేసి, రోడ్డుకి సరిగ్గా రావాలని పది డిగ్రీలు తిప్పేసి, దాంట్లోనే ప్లాన్ గీసి, చివర్లో కాలమ్ సెంటర్లు మాకు పంపుతారు మార్కింగ్‌కి. ఎంత జరిపారు, ఎంత తిప్పారు అంటే ఎవరికీ గుర్తుండదు. టోటల్ స్టేషన్ అనే మా కొలత యంత్రంలో ఎక్కిస్తే పాయింట్లు ఎక్కడికో పోతాయి, సైట్‌లో మేస్త్రి, ఓనరు అందరూ మమ్మల్నే చూస్తారు.

నేను చెప్పే పద్ధతి ఇది. సర్వే ఫైలు ఉన్నది ఉన్నట్టు పక్కన పెట్టండి, దాన్ని ముట్టుకోవద్దు. దానికి కాపీ తీసి, సైట్‌లో కదలని ఒక హద్దు రాయి ఎంచుకుని, దాని ఈస్టింగ్, నార్తింగ్ అక్కడే టెక్స్ట్‌గా రాసి, ప్రింట్‌లో రాని ఒక లేయర్‌లో ఉంచండి. ఇప్పుడు ఆ రాయిని పట్టుకుని మొత్తాన్ని సున్నా కామా సున్నాకి మూవ్ చేయండి. స్కేల్ మార్చాలంటే మూవ్ అయ్యాకే, సున్నాని బేస్‌గా పెట్టి. ఈ కాపీని మీ ప్లాన్ ఫైల్లో ఎక్స్‌రెఫ్‌గా, అంటే లింకుగా తగిలించండి. ఎక్స్‌రెఫ్ పెట్టే ముందు రెండు ఫైళ్లలోనూ ఇన్స్‌యూనిట్స్ (యూనిట్ల సెట్టింగ్) చూసుకోండి, మా ఫైల్లో మీటర్లు అని పెట్టి ఉండకపోతే మీ దాంట్లోకి రాగానే 25.4 రెట్లో ఇంకేదో రెట్లో అయిపోతుంది. తగిలించగానే రోడ్డు వైపు హద్దు కొలత ఒకటి డిస్టెన్స్ కొట్టి టేపు కొలతతో పోల్చుకుంటే చాలు.

రొటేట్ అస్సలు చేయవద్దు. కోఆర్డినేట్ల దిక్కు మార్చే యూసీఎస్ కమాండ్‌లో ఆబ్జెక్ట్ ఆప్షన్ తీసుకుని రోడ్డు గీతను చూపించి, తర్వాత ప్లాన్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. తిరిగేది మీ స్క్రీన్ మాత్రమే, డ్రాయింగ్ అక్కడే ఉంటుంది. ఆర్థో (గీతల్ని అడ్డంగా, నిలువుగా మాత్రమే గీయనిచ్చేది) కూడా రోడ్డుకి సమాంతరంగా నడుస్తుంది. పని అయ్యాక యూసీఎస్ వరల్డ్ అని, మళ్లీ ప్లాన్ కొడితే ఉత్తరం పైకి వస్తుంది. వాస్తు చూసే పార్టీలకి దిక్కు డిగ్రీ తేడా లేకుండా చూపించవచ్చు, అది వేరే లాభం.

చీమకుర్తి_కటింగ్:

నేను ఇళ్ల ప్లాన్ల మనిషిని కాదు, గ్రానైట్ కటింగ్‌కి డ్రాయింగ్‌లు చేస్తా, గ్రానైట్ ఇన్‌లే, పూజగది డిజైన్లు, మెట్ల పలకలు. కానీ మీ ఫైల్లో ఒకదాని మీద ఒకటి గీతలు కూడా ఉండే ఉంటాయి, పేస్ట్ మీద పేస్ట్ కొట్టిన ఫైల్లో ఉండి తీరతాయి. కంటికి ఒక గీతే కనిపిస్తుంది, సెలెక్ట్ చేస్తే మూడు. మీకైతే ఫైలు బరువు, మాకైతే నష్టం, ఎందుకంటే వాటర్‌జెట్ ఆ గీత మీద మూడుసార్లు తిరుగుతుంది, టైము పోతుంది, అంచు పాడవుతుంది. గెలాక్సీ గ్రానైట్ పలక అంచు పెచ్చు లేస్తే తిరిగి అతికేది కాదు కదా.

ఓవర్‌కిల్ కమాండ్ వాడండి. టాలరెన్స్ ఎక్కువ పెట్టకండి, దగ్గర దగ్గరగా ఉన్న వేరే గీతలు కూడా మింగేస్తుంది. పాలీలైన్ (ఒకటిగా కలిసిన గీతలు) సెగ్మెంట్లను ఆప్టిమైజ్ చేయమనే టిక్ అప్రూవల్ డ్రాయింగ్‌లో తీసేయడం మంచిది, అక్కడ క్లోజ్డ్ పాలీలైన్ క్లోజ్డ్‌గానే ఉండాలి. అయ్యాక ప్రాపర్టీస్‌లో క్లోజ్డ్ ఎస్ అని ఉందో లేదో చూడండి.

హ్యాచ్ బౌండరీకి ఇంకో కారణం ఎత్తు. పైనుంచి చూస్తే మూల కలిసినట్టే ఉంటుంది, ఒక గీత జెడ్ సున్నాలో, ఇంకోటి సర్వే లెవెల్ మీద 12.35 లో ఉంటుంది. కాంటూర్ పాయింట్ మీద ఎండ్‌పాయింట్ స్నాప్ పట్టుకుని గీస్తే ఇలాగే వస్తుంది. ప్రాపర్టీస్‌లో స్టార్ట్ జెడ్, ఎండ్ జెడ్ చూడండి. ఓఎస్‌న్యాప్‌జెడ్ అనే సెట్టింగ్ ఒకటి పెట్టి గీస్తే స్నాప్ పట్టినా జెడ్ తీసుకోదు.

గాంధీబొమ్మ_సెంటర్:

పెన్ డ్రైవ్ ప్రింట్ షాపులకి తిప్పుతుంటారు కదా అన్నా, ఫోల్డర్లో మీరు పెట్టని ఎక్యాడ్‌డాక్ డాట్ ఎల్‌ఎస్‌పీ అనో, ఎక్యాడ్ డాట్ వీఎల్‌ఎక్స్ అనో, ఎక్యాడ్ డాట్ ఎఫ్‌ఏఎస్ అనో ఫైలు ఉందేమో చూడండి, అది వైరస్ కావచ్చు. డ్రాయింగ్ తెరవగానే ఆటోక్యాడ్ దాన్ని తనంతట తానే లోడ్ చేస్తుంది, అది మీరు తెరిచే ప్రతి ఫోల్డర్లోకీ కాపీ అవుతూ పోతుంది, మెల్లగా కమాండ్లు పని చేయడం మానేస్తాయి. సెక్యూర్‌లోడ్ అనే సెట్టింగ్ సున్నా మీద ఉంటే ఒకటి చేయండి, తెలియని ఫైలు లోడ్ అయ్యే ముందు అడుగుతుంది. ఇంకా మంచిది, షాపుకి డీడబ్ల్యూజీ ఇవ్వడమే మానేసి పీడీఎఫ్ ఇవ్వండి, ఫాంట్లు మారిపోయే గోల కూడా తప్పుతుంది. తెలుగులో పేర్లు అను ఫాంట్లలో టైప్ చేసే అలవాటు ఉంటే మరీ. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఓనర్ పేరు పిచ్చి అక్షరాలుగా వస్తుంది.

ఇక ల్యాప్‌టాప్ సంగతి, కొత్తది వద్దు గానీ హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించండి, ర్యామ్ 16 చేయండి. టూడీ పనిలో ఆటోక్యాడ్ ఎక్కువగా ఒక్క కోర్ మీదే నడుస్తుంది, కోర్లు ఎన్ని ఉన్నాయన్నది షాపువాడి లెక్క, మనది కాదు.

పెన్నా_డ్రాఫ్టింగ్:

అందరికీ చేతులెత్తి దండం. ఒంగోలు అన్న చెప్పినట్టు చేస్తే 40 నుంచి 4 ఎంబీకి దిగింది, రెగ్‌యాప్స్ దగ్గర స్క్రీన్ మీద లిస్టు అలా పారుతూనే ఉంది. సర్వే కాపీని రాయి పట్టుకుని సున్నాకి తెచ్చా, హ్యాచ్ ఒక్క దెబ్బకి పడింది. ఒక్క బెడ్‌రూమ్‌లో మాత్రం పడలేదు, చూస్తే చీమకుర్తి అన్న చెప్పిన జెడ్డే. ఎస్‌ఎస్‌డీ రేపు వేయిస్తా.

ఇంకొక్కటి అడుగుతా, ఏమనుకోవద్దు. సైట్ ఆకారం మారిన ప్రతిసారీ ఏరియా తీసి క్యాలిక్యులేటర్‌లో అంకణాలకి (మా వైపు స్థలం కొలత) మార్చి టేబుల్‌లో రాస్తున్నా. ఎక్కడో ఒకచోట పాత అంకె ఉండిపోతోంది. దీనికి దారి ఉందా?

కావలి_సర్వే:

ఉంది. సైట్ హద్దు ఒకే క్లోజ్డ్ పాలీలైన్‌గా ఉంచండి. ఎమ్‌టెక్స్ట్‌లో రైట్ క్లిక్ కొట్టి ఇన్సర్ట్ ఫీల్డ్, అందులో ఆబ్జెక్ట్ అని ఎంచుకుని పాలీలైన్‌ని చూపించి, ఏరియా, డెసిమల్ తీసుకోండి. అక్కడే అడిషనల్ ఫార్మాట్ అని బటన్ ఉంటుంది, దాంట్లో కన్వర్షన్ ఫ్యాక్టర్. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు కాబట్టి డ్రాయింగ్ మీటర్లలో ఉంటే 0.1495, అంగుళాల్లో ఉంటే 0.00009645, మిల్లీమీటర్లలో ఉంటే 0.0000001495 వేయండి. సఫిక్స్ దగ్గర అంకణాలు అని రాసుకోండి. గజాలు కూడా కావాలంటే అదే పాలీలైన్‌కి ఇంకో ఫీల్డ్ పెట్టి, అంగుళాల డ్రాయింగ్ అయితే 0.0007716. సరిచూసుకోవడానికి 40 అంకణాల సైట్ అంటే 320 గజాలు రావాలి.

హద్దు లాగి మార్చాక రీజెన్ కొడితే అంకె దానంతట అదే మారుతుంది. ఫీల్డ్‌ని ఎక్స్‌ప్లోడ్ చేస్తే మాత్రం మామూలు టెక్స్ట్ అయిపోతుంది, ఆఫీసులో అబ్బాయికి ముందే చెప్పి ఉంచండి. తిరుపతి వైపు పార్టీ వస్తే వాళ్ల అంకణం 36 అడుగులే, అప్పుడు ఫ్యాక్టర్ రెట్టింపు చేయాలి.