“అంతులేని ఏకాంతం”లో ఎన్ని అంతాలు?

మేఘమాల:
ఒక వాక్యం సగమే గుర్తుండి వారం రోజులుగా వేధిస్తోంది. కాలేజీలో మాకు జర్మన్ చెప్పిన మాస్టారు ఒకరు, జర్మన్ చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్ గీసిన ‘సముద్రతీరాన సన్యాసి’ మీద 1810లో బెర్లిన్ పత్రికలో రచయిత క్లైస్ట్ వేసిన వ్యాసాన్ని అప్పటికప్పుడు తెలుగు చేస్తూ చదివి వినిపించారు. మొదలు ఇలా ఉంటుంది: “అంతులేని ………లో, మబ్బు కమ్మిన ఆకాశం కింద, సముద్రపు ఒడ్డున నిలబడి, హద్దు లేని నీటి ఎడారిని చూస్తూ ఉండడం ఎంత బాగుంటుంది!” ఆ చుక్కల చోట ఆయన ‘ఏకాంతం’ అన్నారా, ‘ఒంటరితనం’ అన్నారా? నా చెవిలో ‘అంతులేని ఏకాంతంలో’ అనే మోగుతోంది. కాగితం మీద పెడితే మాత్రం ఎక్కడో రాయి తగులుతోంది. ఆదివారం మా కాలనీ గ్రంథాలయంలో ఆ బొమ్మల ప్రింట్లు పెడుతున్నాం. కింద అతికించడానికి ఈ వాక్యం కావాలి.

అరసున్న:
‘ఏకాంతం’ అని ఉంటే మీ మాస్టారు తొందరపడ్డట్టే. తెలుగులో ఏకాంతానికి కనీసం ఇద్దరు కావాలి. “మీతో ఏకాంతంగా మాట్లాడాలి” అంటే అక్కడ ఎంతమంది? తిరుమలలో ఏకాంత సేవ అంటే అర్చకులు ఉంటారు, అన్నమయ్య జోలపాట ఉంటుంది, తరిగొండ వెంగమాంబ పేరిట ముత్యాల హారతి ఉంటుంది. మూడో మనిషి లేకపోతే ఏకాంతం. రెండో మనిషి కూడా లేకపోతే ఒంటరితనం. ఆ బొమ్మలో సన్యాసికి రెండో మనిషి ఎవరు?

బండి ఱ:
దేవుడు ఉన్నాడు కదండీ. లేకపోతే అక్కడ ఏ జాలరినో నిలబెట్టేవాడు, సన్యాసి ఎందుకు?

పాతపుస్తకాలు:
గొడవ అర్థంలో లేదు, ‘అంత’లో ఉంది. ‘అంతులేని’ అనగానే అంతు పోయింది. మరుక్షణమే ‘ఏక + అంతం’ అంటూ ఒక అంతాన్ని తెచ్చి పెట్టారు. పోయిన అంతు ఏ దారిన తిరిగి వచ్చింది? మేఘమాల గారికి తగులుతున్న రాయి అదే. తప్పు మాటది కాదు, పక్కన కూర్చున్న విశేషణానిది. ‘ఎల్లలు లేని ఏకాంతం’ అనండి, సాఫీగా పోతుంది.

అరసున్న:
‘అంత’ అంటే చివర ఒక్కటేనా? దిగంతంలో ఏమిటి, వనాంతంలో ఏమిటి? అంచు, పక్క, చోటు. ఏకాంతం అంటే ఒక పక్కగా తొలగి ఉన్న చోటు. ఆ మాటకొస్తే సంస్కృత నిఘంటువు అమరం తీయండి. రహస్యపు చోటుకు “వివిక్త విజన చ్ఛన్న” అని వరుస చెప్పినప్పుడు అమరసింహుడు ఏకాంతాన్ని అందులో కలపనే లేదు. “తీవ్రైకాంతనితాంతాని” అంటూ అతిశయార్థంలో పడేశాడు.

పాతపుస్తకాలు:
అంటే ‘అంతులేని ఏకాంతం’ కాస్తా ‘అంతులేని మిక్కిలి’ అవుతుంది, సంతోషం. జైనులకైతే ఏకాంతం అంటే ఒకే పక్షం పట్టుకుని కూర్చోవడం. ఈ చర్చకు ఆ అర్థమే బాగా అతుకుతుంది. అన్నట్టు ‘అంత’ చేరినప్పుడల్లా దీర్ఘం రాదు. పొలిమేర అయితే సీమాంతం, పాపిట అయితే సీమంతం.

బండి ఱ:
పాపిట దాకా వచ్చాం. శ్రీమంతం అని రాసేవాళ్లు రాకముందే బొమ్మ దగ్గరికి వెళదామా?

ఎల్బే గట్టు:
నేను ఉండేది డ్రెస్డెన్‌లో. ఫ్రీడ్రిష్ నాలుగు దశాబ్దాలు బతికి 1840లో పోయిన ఊరు. ఆ చిత్రం ఉన్నది మాత్రం బెర్లిన్‌లో. రెండు సార్లు దాని ముందు నిలబడ్డాను. 171.5 సెంటీమీటర్ల పొడవు, 110 ఎత్తు. అందులో ఎక్కువ పాలు ఆకాశమే. కింద పాలిపోయిన ఇసుక, దాని మీద నల్లగా సన్యాసి. దూరం నుంచి చూస్తే గోడ మీది చీమ అనుకుంటారు. సముద్రం ఇంకు ఒలికినట్టు సన్నటి పట్టీ.

మూలంలో ఉన్న మాట ‘ఐన్‌జామ్‌కైట్’. ‘ఐన్’ అంటే ఒకటి. ఏకాంతమూ అదే, ఒంటరితనమూ అదే, వాళ్లకు రెండూ ఒకే గంపలో ఉన్నాయి. చిక్కంతా కొంచెం కిందికి వెళ్లాక వస్తుంది. అదే వ్యాసంలో క్లైస్ట్, ఈ బొమ్మలోని మనిషి స్థితి కన్నా దిగులు పుట్టించేది లేదంటూ, మృత్యువు ఏలే విశాల రాజ్యంలో ఒకే ఒక్క ప్రాణపు నిప్పురవ్వ అంటాడు, ఆ వెంటనే “ఐన్‌జామ్ వలయంలో ఐన్‌జామ్ కేంద్రబిందువు” అంటాడు. ఒకే విశేషణం రెండు సార్లు. దీన్ని తెలుగు చేయండి చూద్దాం. ‘ఏకాంత వలయం’ కుదురుతుంది, ‘ఏకాంత బిందువు’ కుదరదు. ‘ఒంటరి బిందువు’ కుదురుతుంది, ‘ఒంటరి వలయం’ కుదరదు. మన ఏకాంతం చోటుకు అంటుకుంటుంది, ఒంటరి మనిషికి అంటుకుంటుంది.

అరసున్న:
శభాష్. నేను చాలాకాలంగా చెబుతున్నది ఇదే, ఈ గుంపులో ఎవరూ పట్టించుకోలేదు. ఒంటి + అరి = ఒంటరి. నేర్పరిలో, జూదరిలో ఉన్న ‘అరి’. ఆ ప్రత్యయం మనిషినే చేస్తుంది. కాబట్టి ‘ఒంటరి’ అంటే మొదట మనిషే.

పాతపుస్తకాలు:
మరి ‘ఎక్కటి’ని వదిలేశారేం? ఎక్కటి పోరు అంటే ఒక్కడికి ఒక్కడు. తోడు లేకపోవడంలో దిగులు కాదు, పౌరుషం ఉన్న మాట. పొగమంచు మీద బండరాయి ఎక్కి నిలబడ్డ ఆ కోటు మనిషి ఉన్నాడే, ఇప్పుడు ప్రతి ఆత్మవికాస పుస్తకం అట్ట మీదా వాడే, వాడు ఒంటరి కాడు, ఎక్కటి. సన్యాసి ఒంటరి. ఒకే చిత్రకారుడు, పదేళ్ల తేడాలో.

మేఘమాల:
ఆ ప్రింటు కూడా పెడుతున్నాం. అలా వీపు చూపించి నిలబడే బొమ్మను తెలుగులో ఏమంటారు? ఫ్రీడ్రిష్ వేసిన మనుషులు చాలామంది అలాగే ఉంటారు.

బండి ఱ:
పెడమొగం.

అరసున్న:
పెడమొగం అలిగిన భార్యది. అతను మన మీద అలగలేదు, మనం ఉన్నామన్న సంగతే అతనికి తెలియదు. ‘వీపు బొమ్మ’ చాలు.

ఎల్బే గట్టు:
‘ఒంటరి’ మనిషికే అంటారు కాబట్టి ఒక ప్రశ్న. ఫ్రీడ్రిష్‌దే 1822 నాటి ఓక్ చెట్టు బొమ్మ ఒకటి బెర్లిన్‌లో ఉంది. జర్మన్‌లో దాన్ని ‘ఐన్‌జామ్ చెట్టు’ అని పిలుస్తారు. మనం ఒంటి చెట్టు అనాలా, ఒంటరి చెట్టు అనాలా?

పాతపుస్తకాలు:
ఒంటి చెట్టు అంటే లెక్క. ఒంటరి చెట్టు అంటే దుఃఖం. ఒంటిస్తంభం మేడను చూసి ఎవరైనా జాలిపడ్డారా?

ఎల్బే గట్టు:
తమాషా ఏమిటంటే ఆ చెట్టు కింద గొర్రెల కాపరి ఉన్నాడు. మానుకు ఆనుకుని నిలబడ్డాడు, చుట్టూ మంద, ముందు చెరువు, వెనక పల్లె, ఆ వెనక కొండలు. ‘ఉదయపు వెలుగులో పల్లె’ అనే అర్థం వచ్చే పేరు కూడా ఆ బొమ్మకు ఉంది. చెట్టు చిటారు కొమ్మలు ఎండిపోయి మోడై ఉన్నాయి, కింది కొమ్మలు పచ్చగా ఉన్నాయి. చూసే కన్ను ఆ మోడు దగ్గరే ఆగుతుంది కాబట్టి కాపరినీ గొర్రెలనూ మరిచిపోయి ‘ఒంటరి’ అనేస్తాం.

బండి ఱ:
అరసున్న గారి లెక్కలో రెండో మనిషి ఉన్నాడు కాబట్టి ఆ చెట్టుది ఏకాంతం.

అరసున్న:
గొర్రెలను కూడా కలిపితే సభ.

ఎల్బే గట్టు:
సన్యాసి బొమ్మ సంగతి ఇంకొకటి. ఇన్‌ఫ్రారెడ్‌లో చూస్తే సముద్రం మీద మొదట ఓడలు గీసిన జాడ కనిపించింది. తరువాత వాటిని తీసేశాడు. 1809లో ఫ్రీడ్రిష్ బొమ్మలు వేసుకునే గదిలో దీన్ని చూసిన మారీ ఫాన్ క్యూగెల్గెన్ అనే ఆవిడ ఒక ఉత్తరంలో విసుక్కుంది: పడవ లేదు, ఓడ లేదు, కనీసం సముద్రపు భూతమైనా లేదు అని. పాపం, ఓడలు ఉండేవి.

మేఘమాల:
ఇది నాకు తెలియదు. అయితే అక్కడి ఒంటరితనం ఉన్నచోట దొరికింది కాదు, ఒక్కొక్కటి చెరుపుతూ చేసింది. అలాంటప్పుడు నాకు ‘ఏకాంతం’ వైపే మనసు పోతోంది. ఒంటరితనం మన మీద వచ్చి పడుతుంది, ఏకాంతాన్ని మనమే చేసుకుంటాం.

పాతపుస్తకాలు:
“అడవిలో ఐన్‌జామ్‌కైట్” అనే అర్థంలో జర్మన్ రచయిత టీక్ 1797లో ఒక కథలో కొత్త సమాసమే చేశాడు. ఆ కథలో పక్షి దాన్ని సంతోషంగా పాడుతుంది. మనకు ‘వనైకాంతం’ చేయవచ్చు.

బండి ఱ:
‘అడవొంటరితనం’ కన్నా నయం.

పాతపుస్తకాలు:
నవ్వండి. అడవి, పక్షి, సంతోషం అంటే మనకు వెంటనే ఎవరు గుర్తు రావాలి? ఆకులో ఆకునైపోతానన్న దేవులపల్లి వారు. ఆయనకు ఏకాంతమూ అక్కర్లేదు, ఒంటరితనమూ అక్కర్లేదు, తానే లేకుండా పోతే చాలు. ఫ్రీడ్రిష్ మనిషిని ఇసుక మీద నిలబెట్టి వదిలేస్తే, కృష్ణశాస్త్రి అడవిలో కలిపేశాడు. ‘ఇచటనే దాగిపోనా’ అన్నాడు చూడండి.

అరసున్న:
‘దాగిపోనా’ అడవికి. ‘ఇచటనే’ తరువాత ‘యాగిపోనా’. ఆగిపోనా, యడాగమం.

పాతపుస్తకాలు:
రెండు చోట్లా ‘దాగిపోనా’ అనే చిన్నప్పుడు విన్నాను.

అరసున్న:
మీరు విన్నది 1982 సినిమాలో సుశీల గారి గొంతు అయి ఉంటుంది. ఆయన పుస్తకం ‘కృష్ణపక్షము’ విప్పండి. దాక్కోవడం వేరు, ఆగడం వేరు. దాక్కున్నవాణ్ణి ఎవరో ఒకరు వెతకాలి.

ఎల్బే గట్టు:
ఇక్కడే క్లైస్ట్ వస్తాడు. అతను కూడా “నేనే ఆ కాపుచిన్ సన్యాసిని అయిపోయాను, బొమ్మ ఇసుకదిబ్బ అయిపోయింది” అంటాడు. కానీ ఏ సముద్రాన్ని ఆశగా చూడాలో ఆ సముద్రమే లేదంటాడు. మన కవి కలిసిపోతే అడవి మిగిలింది. అతను కలిసిపోతే సముద్రం పోయింది. ఆ తరువాతే కనురెప్పలు కోసేసినట్టుందన్న ప్రసిద్ధ వాక్యం.

బండి ఱ:
ఆ రెప్పల వాక్యం క్లైస్ట్‌దే, కానీ మేఘమాల గారు అడిగిన మొదటి వాక్యం బ్రెంటానోది. బ్రెంటానో, ఆర్నిమ్ అనే ఇద్దరు రచయితలు ఇచ్చిన వ్యాసాన్ని క్లైస్ట్ కోసి, అతికించి వేశాడు. తరువాత అదే పత్రికలో వివరణ ఇచ్చుకున్నాడు: అక్షరం వారిది, ఇప్పుడున్న రూపంలో ఆత్మ నాది, బాధ్యతా నాది అని.

అరసున్న:
ఇంతసేపూ పెడమొగం అంటూ కూర్చున్నారు, ఇది ముందే చెప్పవచ్చు కదా.

మేఘమాల:
అయితే అట్ట మీద ఎవరి పేరు రాయాలి?

పాతపుస్తకాలు:
అదేమో కానీ, ‘కృష్ణపక్షము’ ఇప్పుడే విప్పాను. నా ప్రతిలో ఆ పేజీ లేదు. ఎవరో చింపుకుపోయారు.

అరసున్న:
ఫొటో పెట్టండి. ఎదుటి పేజీలో అచ్చు అంటి ఉంటే ‘యా’ కనిపిస్తుంది.