పాత ప్రీమియర్ పద్మినితో ఆటోక్రాస్ మొదలుపెట్టడానికి సలహా కావాలి

ఆటోక్రాస్ (మైదానంలో కోన్లు పెట్టి గీసిన దారిలో, తక్కువ సమయంలో కారు నడిపే పోటీ) అనుభవజ్ఞులకు నమస్కారం. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా నాన్నగారు ఎంతో ప్రేమగా నడిపిన 1984 నాటి ప్రీమియర్ పద్మినిని రెండేళ్లుగా నేనే బాగుచేసుకుంటున్నాను. ఇంజను పాత 1089 సీసీదే. ముందు చక్రాలకు డ్రమ్ముల స్థానంలో డిస్క్ బ్రేకులు, నాలుగు వైపులా గట్టి షాక్ అబ్జార్బర్లు, డ్రైవరుకు బకెట్ సీటు వేయించాను.

నన్ను ఎక్కువగా వేధిస్తున్నది వెనుక భాగం. ఇంజను బలం వెనుక చక్రాలకే అందే బండి కావడం వల్ల, కోన్ల మధ్య బిగువుగా తిప్పినప్పుడు లోపలి చక్రం తేలిపోయి ఊరికే తిరుగుతోంది. కమాను పట్టీల్లో ఒకటి తీసి మెత్తబరచాలా, లేక ముందు మందమైన యాంటీ రోల్ బార్ (మలుపుల్లో బండి పక్కకు ఒరగడాన్ని తగ్గించే కడ్డీ) వేయాలా? నాకు రెండోదే సబబనిపిస్తోంది, కానీ చేసి చూసినవారి మాట కావాలి.

దాళ్వా కోతల తరువాత మా సొంత చేలోనే సాధన చేస్తున్నాను. మా నల్లరేగడి ఎండితే బీటలు వారుతుంది, ఒక్క జల్లు పడితే టైరు గాళ్లన్నీ పూడుకుపోతాయి. ఇటువంటి నేలకు ఎలాంటి టైర్లు మేలు?

ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా లైసెన్సుకు కొత్తవారు ఎలా దరఖాస్తు చేయాలి? బండిలో మార్పులను నియంత్రించే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ దృష్ట్యా, రోల్ కేజ్ (బోల్తా పడినా లోపలివారిని కాపాడే గొట్టాల చట్రం) బిగించిన బండిని రోడ్డు మీద నడపకుండా ట్రైలరుపై తీసుకువెళ్లడమే మంచిదా? దయచేసి తెలియజేయగలరు.