కేకే లైన్‌తో అసలు ఎవరికి మేలు జరిగింది?

ప్రశ్న: రైలొస్తే ప్రాంతం బాగుపడుతుందంటారు కదా, మరి 1960లలో కొత్తవలస–కిరండూల్ (కేకే) లైన్ వేసింది ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకు చేర్చి జపాన్‌కు పంపడానికే. దీన్ని అభివృద్ధి అనొచ్చా?

జవాబు 1: అనొచ్చండి. మొదట ఎగుమతికే వేసినా, తర్వాత వచ్చిన విశాఖ స్టీల్ ప్లాంటుకు సొంత ఇనుప గనులు లేవు, బైలదిల్లా ఖనిజం ఈ లైన్ మీదే వస్తుంది. అరకుకు టూరిస్టులు రావడం కూడా ఈ సొరంగాల రైలు వల్లే కదా.

జవాబు 2: పోర్టు పెరిగింది, ఒప్పుకుంటాను. కానీ మాది అరకు వైపే. గూడ్సులు వరసగా పోతుంటే మా ప్యాసింజర్ పక్క లైన్లో ఆగిపోతుంది, సంతకు, ఆసుపత్రికి వెళ్లేవాళ్లు అందులోనే కూర్చుని టెన్షన్ పడుతుంటారు.

ప్రశ్న అడిగినవారు: అయితే ఈ లైన్‌కు రెండో ట్రాక్ వేసే పని (డబ్లింగ్) పూర్తయ్యాక ముందు ప్యాసింజర్లు పెంచమని అడగాలండి.