లిఫ్టు ‘ఎక్కి’ కిందికి వెళ్తాం, పైకి వెళ్లి ‘దిగుతాం’

మొన్న మన గుంపులో ఒకరు అడిగారు: “పదో అంతస్తులో లిఫ్టు దిగాను అంటున్నాం. పైకి వెళ్లినవాడు దిగడమేంటి? కిందికి రావడానికి లిఫ్టు ఎక్కడమేంటి? తప్పు వాడుక కదా ఇది?”

తప్పు కాదండీ. ఎక్కు, దిగు అనే క్రియలకు చెట్టు దగ్గర, మెట్ల దగ్గర ఒక అర్థం, బండి దగ్గర ఇంకో అర్థం. బస్సు ఎక్కుతాం, రైలు దిగుతాం. ఊరెళ్లి చుట్టాలింట్లో కూడా దిగుతాం. అక్కడ ఎత్తుపల్లాలతో పని లేదు, ప్రయాణం మొదలైందా ముగిసిందా అన్నదే లెక్క. లిఫ్టుకూ అవే క్రియలు వాడుతున్నామంటే తెలుగు దాన్ని భవనంలో ఒక భాగంగా కాక వాహనాల్లో కలిపిందన్నమాట. ఈ చూపు నాకెంతో ఇష్టం. కొన్ని దేశాల్లో లిఫ్టు ఎక్కడం నిజంగా ప్రయాణమే. బ్రెజిల్‌లో సాల్వడార్ అనే నగరం ఉంది. సగం ఊరు సముద్రం ఒడ్డున, సగం ఊరు కొండ అంచు మీద. ఆ రెంటినీ కలుపుతూ 72 మీటర్ల ఎత్తైన లసెర్డా లిఫ్టు ఉంది. 1873లో మొదలైంది. మనం సిటీ బస్సు ఎక్కినట్టే అక్కడివాళ్లు పనులకు దాన్నెక్కి తిరుగుతారు.

ఈ క్రియలకు అసలు పరీక్ష పెట్టేది మాత్రం పాటర్‌నాస్టర్. ఇంగ్లండ్‌లో 19వ శతాబ్దంలో పుట్టిన ఈ లిఫ్టు ఇప్పుడు ఎక్కువగా జర్మనీ, చెక్ దేశాల్లో మిగిలింది. దీనికి తలుపుల్లేవు, నొక్కడానికి అంతస్తుల బటన్లూ లేవు. ఇద్దరు పట్టే చెక్క గదులు ఒకదాని కింద ఒకటి గొలుసుకు వేలాడుతూ, ఒక పక్క పైకి, ఇంకో పక్క కిందికి, ఎక్కడా ఆగకుండా నెమ్మదిగా నడుస్తూనే ఉంటాయి. గది నేల మనం నిల్చున్న గచ్చుకు సమంగా వచ్చే క్షణం కోసం చూడాలి, పక్కనున్న పిడి పట్టుకోవాలి, అడుగు వేసెయ్యాలి. ఒక్క క్షణం తటపటాయిస్తే ఆ గది మోకాలి ఎత్తుకు వెళ్లిపోయి ఉంటుంది. వదిలేసి తర్వాతి గది చూసుకోవడమే. ప్రాగ్ నగరపాలక భవనంలో ఒకటి ఇప్పటికీ తిరుగుతోంది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయం ఆర్ట్స్ టవర్‌లో ఉన్నదానికైతే 38 గదులు.

పై అంతస్తులో దిగడం మర్చిపోతే గది తలకిందులవుతుందని చాలామందికి టెన్షన్. అలా ఏమీ కాదు. చీకట్లో పెద్ద చక్రాల మీదుగా గది నిటారుగానే పక్కకు జరిగి రెండో వరసలోకి వస్తుంది. అంటే ఆ మనిషి దిగకుండానే కిందికి దిగాడు. ఈ వాక్యంలో రెండు ‘దిగు’లూ సరైనవే.

వ్యాఖ్య: పాటర్‌నాస్టర్ అన్న పేరు ఎలా వచ్చిందండీ?

జవాబు: లాటిన్‌లో ‘మా తండ్రీ’ అని. ‘పరలోకమందున్న మా తండ్రీ’ అని మన చర్చిల్లో చెప్పుకునే ప్రార్థనకు లాటిన్‌లో అదే మొదలు. పాత రోజుల్లో ఐరోపాలో ఆ ప్రార్థన పేరే అది లెక్కపెట్టుకునే పూసల దండకూ వచ్చింది. వేళ్ల మధ్య పూసలు తిరిగినట్టు గదులు తిరుగుతాయని లిఫ్టుకూ పెట్టారు. కాబట్టి తెలుగులో ‘జపమాల లిఫ్టు’ అంటే చక్కగా అతుకుతుంది. తెలుగు క్యాథలిక్కుల ఇళ్లలో జపమాల రోజూ వినబడే మాటే, కొత్తగా పుట్టించక్కర్లేదు. జర్మన్ కాగితాల మీద దీని పేరు ‘మనుషుల్ని తిప్పే లిఫ్టు’ అని అర్థమొచ్చే పొడవాటి సమాసం. వాళ్ల నోట మాత్రం ‘బేయామ్టెన్‌బాగర్’ అని కూడా నడుస్తుంది. సర్కారు ఉద్యోగుల్ని తోడిపోసే యంత్రం అని. 1994లో ప్రమాదకరమంటూ వీటన్నిటినీ మూసేయాలని చూస్తే జనం ఒప్పుకోలేదు, పోరాడి నిలబెట్టుకున్నారు.

వ్యాఖ్య: రంకులరాట్నం అంటే సరిపోదా అన్నా? అందులోనూ తొట్టి నిటారుగానే ఉంటుందిగా.

జవాబు: మంచి మాట తమ్ముడూ, కానీ ఆ పేరు ఇంకో లిఫ్టుకు దాచుదాం. అమెరికాలో సెయింట్ లూయిస్ ఆర్చి 192 మీటర్ల ఎత్తున్న వంపు. లోపల నిలువుగా వెళ్లే లిఫ్టు పట్టదు. డిక్ బౌసర్ అనే ఆయన రెండు వారాల్లో ఉపాయం కనిపెట్టాడు. ఐదుగురేసి కూర్చునే ఎనిమిది గుండ్రటి డబ్బాలు వరసగా వంపు వెంట పాకుతాయి, ఒరుగు మారినప్పుడల్లా డబ్బా తిరిగి సర్దుకుంటుంది. 1967 నుంచీ నడుస్తోంది. పైకి 4 నిమిషాలు, కిందికి 3. రంకులరాట్నాన్నీ లిఫ్టునూ కలిపి చేసినదే అది. ఆ ఊళ్లో ఉన్న తెలుగువాళ్లు ఎక్కే ఉంటారు, చెప్పండి.

వ్యాఖ్య: లిఫ్ట్ ఇరిగేషన్‌ను ‘ఎత్తిపోతల’ అన్నాం కదా. పడవల్ని ఎత్తే లిఫ్టుకు ఆ మాట వాడొచ్చా?

జవాబు: ఎత్తిపోతలలో ‘పోత’ ఉంది, ఎత్తిన నీటిని పొయ్యాలి. స్కాట్లాండ్‌లోని ఫాల్కిర్క్ చక్రం పడవను నీళ్ల తొట్టితో సహా ఒక కాలువ నుంచి 24 మీటర్లు ఎత్తి పైనున్న కాలువకు చేరుస్తుంది. దానికి దగ్గరి మాట ఏతం అని నా అభిప్రాయం. ఏతం దూలం మీద మనిషి ముందుకు నడిస్తే బొక్కెన బావిలోకి దిగుతుంది, వెనక్కి నడిస్తే నీళ్లతో లేస్తుంది. బరువును బరువుతోనే తూచి ఎత్తడం. ఫాల్కిర్క్‌లోనూ అంతే. పడవ తొట్టిలోకి రాగానే తన బరువంత నీటిని బయటికి తోసేస్తుంది, కాబట్టి పడవ ఉన్నా లేకపోయినా చక్రానికి అటొకటి ఇటొకటి ఉన్న రెండు తొట్లూ సరితూగుతాయి. అందుకే ఒక తిప్పుకు సుమారు 1.5 యూనిట్ల కరెంటు చాలు. 2002లో తెరిచారు, పడవలో కూర్చుని వెళ్లొచ్చు.

ఏతం తొక్కిన పెద్దవాళ్లు మీ ఇళ్లలో ఉంటే దూలాన్నీ, గుంజనూ, బొక్కెననూ మీ జిల్లాలో ఏమనేవారో అడిగి ఇక్కడ రాయండి.