‘టూటీ ఫ్రూటీ’కి డ్రమ్స్ వాయించింది ఎవరు? ఆ బీట్ ఎందుకలా ఊగుతుంది?

కొత్త స్టిక్స్:
డ్రమ్స్ మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది. ఈ వారం మా మాస్టారు లిటిల్ రిచర్డ్ ‘టూటీ ఫ్రూటీ’ ప్రాక్టీస్ చేసి రమ్మన్నారు. రాక్ అండ్ రోల్ కదా, హైహ్యాట్ (కాలితో మూసే జంట తాళాలు) మీద సమానంగా ఎనిమిది కొట్టుకుంటూ పోదామనుకున్నా. పాట పెట్టుకుని వాయిస్తే పియానోతో కలుస్తోంది, డ్రమ్స్‌తో మాత్రం అతకట్లేదు. నా చెవిదే తప్పా? ఆ డ్రమ్మర్ ఎవరో తెలిసినవాళ్ళు చెప్పండి.

పాత ప్యాడ్:
తమ్ముడూ, నీ చెవి సరిగ్గానే ఉంది. ఆయన పేరు ఎర్ల్ పామర్. నేను పాతికేళ్ళు పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో వాయించాను. ఆయన గురించి ఇన్నాళ్ళకి ఒకరు అడిగారు కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

1924లో న్యూ ఆర్లియన్స్‌లో పుట్టాడు. చేతుల కంటే ముందు ఆయన కాళ్ళకి తాళం వచ్చింది. తల్లి, పిన్ని స్టేజీ మీద ఆడేవాళ్ళు. ఐదేళ్ళప్పటి నుంచే వాళ్ళతో ఊరూరా తిరుగుతూ ట్యాప్ డ్యాన్స్ చేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యానికి వెళ్ళొచ్చాక, మాజీ సైనికుల చదువుకి ప్రభుత్వమిచ్చే డబ్బుతో సంగీతం స్కూల్లో చేరి నొటేషన్ చదవడం నేర్చుకున్నాడు. మనసు మాత్రం ఎప్పుడూ జాజ్ మీదే.

1949 డిసెంబర్‌లో గాయకుడు, పియానిస్టు ఫ్యాట్స్ డామినో ‘ది ఫ్యాట్ మ్యాన్’ రికార్డింగ్. డిక్సీలాండ్ (న్యూ ఆర్లియన్స్ పాత జాజ్) బ్యాండ్లలో నాలుగు దెబ్బల లెక్కలో రెండో దెబ్బ, నాలుగో దెబ్బ మీద స్నేర్ డ్రమ్ గట్టిగా పడేది చివర్లో, ఊపు తారస్థాయికి చేరాకే. పామర్ దాన్ని పాట మొదటి నుంచే పట్టుకుని చివరిదాకా వదల్లేదు. ఇప్పుడు మనం ఆలోచించకుండానే వాయించేసే బ్యాక్‌బీట్ అదే.

ఇక నీ పాట, 1955 సెప్టెంబర్‌ది. పామర్‌కి అలవాటైంది షఫుల్, అంటే ఒకటి పొడుగ్గా ఒకటి పొట్టిగా ఊగుతూ పోయే నడక. రిచర్డ్ ఏమో పది వేళ్ళతో పియానోని సమానంగా బాదేస్తున్నాడు. ఒకే పాటలో రెండు నడకలు! నీకు అతకనిది అదే. తర్వాత ‘లూసిల్’ విను, 1957లో వచ్చింది. అందులో డ్రమ్స్ కూడా పియానో దారికి వచ్చేశాయి. రిచర్డ్ కుడిచేతితో కలవడానికే తాను బీట్ మార్చానని పామరే చెప్పాడు.

మృదంగం అమ్మాయి:
మా లెక్కలో చెప్పనా? షఫుల్ అంటే తిస్రం, మూడేసి లెక్క. తకిట, తకిట అనుకుంటూ మధ్యలో ‘కి’ని నోట్లోనే మింగేసి ‘త’, ‘ట’ మాత్రం కొట్టండి. పియానో చతురస్రంలో, అంటే నాలుగేసి సమాన లెక్కలో పోతోంది.

పాత ప్యాడ్:
సరిగ్గా చెప్పావమ్మా. తమ్ముడూ, స్టిక్స్ పక్కన పెట్టి ముందు తొడ మీద తట్టు.

రాంపార్ట్ వీధి:
పోయిన ఏడాది ఆఫీసు పని మీద న్యూ ఆర్లియన్స్ వెళ్ళినప్పుడు ‘ది ఫ్యాట్ మ్యాన్’, ‘టూటీ ఫ్రూటీ’ రికార్డయిన జె అండ్ ఎం స్టూడియో చూడ్డానికి వెళ్ళాను. కాసిమో మటాసా నడిపిన చోటు. ఇప్పుడది బట్టలుతుక్కునే లాండ్రీ. గుమ్మం దగ్గర నేల మీద మాత్రం ‘జె అండ్ ఎం మ్యూజిక్ షాప్’ అన్న పాత అక్షరాలు ఇంకా ఉన్నాయి. వాటి మీద కాలు పెట్టలేక పక్కనుంచి వెళ్ళాను. లోపల మెషీన్లు తిరుగుతుంటే కాసేపు అలాగే నిలబడ్డాను.

పాత ప్యాడ్:
చదువుతుంటే కళ్ళు చెమర్చాయి బాబూ.

మిగతాది కూడా చెప్పేస్తా. 1957లో పామర్ లాస్ ఏంజెలెస్ వెళ్ళిపోయాడు. రిచీ వాలెన్స్ ‘లా బాంబా’, రైచస్ బ్రదర్స్ ‘యూవ్ లాస్ట్ దట్ లవిన్ ఫీలిన్’ ఆయన వాయించినవే. పొద్దున ఒక స్టూడియో, సాయంత్రం ఇంకోటి, వేలకొద్దీ రికార్డింగులు. అప్పట్లో సెషన్ వాళ్ళకి, అంటే రికార్డింగుకి పిలిస్తే వచ్చి వాయించేవాళ్ళకి, కూలి ముట్టేది కానీ అట్టమీద పేరు పడటం అరుదు. ఆ బాధ నాకు తెలుసు. ఒక క్యాసెట్ కంపెనీకి పదకొండు పాటలు వాయించాను. అట్ట తిప్పి చూస్తే గాయకుల పేర్లే ఉన్నాయి. పామర్‌ని 2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. పక్కవాద్యాల వాళ్ళకంటూ ఒక విభాగం పెట్టింది ఆ ఏడాదే. 2008లో పోయాడు.

కొత్త స్టిక్స్:
అన్నా, తొడ ఎర్రబడింది కానీ ‘కి’ మింగడం వచ్చేసింది! డ్రమ్స్‌తో కలిసింది. ఇప్పుడు పియానో విడిగా, డ్రమ్స్ విడిగా వినిపిస్తున్నాయి. రేపు ‘లూసిల్’ మొదలుపెడతా.