సర్వపిండిలో ‘సర్వ’ అంటే ఏంది?

కాజీపేట తమ్ముడు: మా ఇంట్లో పంచాయితీ నడుస్తోంది. సర్వ అంటే గిన్నె అని అమ్మ, ‘అన్నీ’ అని బాపు. ఏది నిజం?

హన్మకొండ సారు: మీ బాపు మాటే. బియ్యప్పిండి, నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఎల్లిగడ్డ, కరివేపాకు, కారం అన్నీ పడతాయి కాబట్టి సర్వపిండి. సంస్కృతంలో సర్వ అంటే అన్నీ.

పరకాల అక్క: కాదు సారూ. సర్వ అంటే అడుగు గుండ్రంగా ఉండే ఇత్తడి గిన్నె, రాగివీ ఉంటాయి. పిండిని దాని లోపల పల్చగా అద్ది, వేలితో బొక్కలు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్న మంట మీద కాలుస్తాం. ఇదే వంటను కొందరు గిన్నప్ప అంటారు, కొందరు తపాలచెక్క అంటారు. గిన్నె, తపాల రెండూ పాత్రలే కదా? సర్వ ఒక్కటే సంస్కృతం ఎట్లయింది?

హన్మకొండ సారు: వేరే ఊళ్ల మాటలు దీనికి ముడిపెట్టొద్దు. మా ఇంట్లో నాన్‌స్టిక్ పెనం మీద చేస్తారు. అది సర్వపిండి కాదా?

జమ్మికుంట: మేం గంజులో చేస్తాం. బాగానే వస్తుంది.

పరకాల అక్క: పెనం మీద కాల్చేది రొట్టె. సర్వలో అడుగు ఎర్రగా కరకరలాడుతుంది, అంచులు మెత్తగా ఉంటాయి. ఒకటి కాలినంక సర్వను బోర్లించి నీళ్లు పోసి చల్లార్చాలి, లేకుంటే రెండోది అద్దేటప్పుడు వేళ్లు కాలుతాయి. మా అత్తగారింట్లో ఇత్తడి సర్వలన్నీ పాతసామాన్లవాడికిచ్చి స్టీలు డబ్బాలు తీసుకున్నారు. నన్ను ఒక్క మాట అడగలేదు.

హన్మకొండ సారు: మీ అత్తగారి మీద కోపం నా మీద చూపిస్తే ఎట్లా? తమ్ముడు అడిగింది పేరు గురించి, వంట గురించి కాదు.

పరకాల అక్క: వంట చేసిన చెయ్యి అయితే ఆ పేరు మీకూ తెలిసేది.

మంథని: కొట్లాడకండి. మా దిక్కు కూడా సర్వ అంటే గిన్నే.

హన్మకొండ సారు: అయితే వినండి. హైదరాబాద్‌లో చదివేటప్పుడు సర్వ అన్నందుకు హాస్టల్ మొత్తం నవ్వింది. మొన్న మా బిడ్డ ‘సర్వలో నీళ్లు’ అని రాస్తే టీచర్ కొట్టేసి ‘గిన్నె’ అని దిద్దింది. అదే సంస్కృతం మాట అంటే ఎవరూ కొట్టేయరు, ఎవరూ నవ్వరు.

పరకాల అక్క: ఇది ముందే చెప్పొచ్చు కదా సారూ! నవ్వినవాళ్ల కోసం మన గిన్నెకు లేని అర్థం అంటగడతామా? టీచర్‌తో మాట్లాడారా?

హన్మకొండ సారు: ఏమని మాట్లాడాలి? ఇది పాఠంలో లేదంటుంది.

పరకాల అక్క: సర్వనే తీసుకుపోయి చూపించండి. మీ ఇంట్లో ఉందా?

హన్మకొండ సారు: అటక మీద ఒకటి ఉంది. తీసుకుపోతా. అర్థం విషయంలో మాత్రం నా మాట నాదే.