సబ్జెక్టు డ్రాప్ చేసే ముందు ఎవరిని అడగాలి?

ప్రశ్న:
అన్నలకు, అక్కలకు నమస్కారం. ఈ ఫాల్ సెమిస్టర్‌లో ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద అమెరికాలో మాస్టర్స్‌కి చేరాను. మూడు సబ్జెక్టుల్లో ఒకటి అసలు బుర్రకెక్కడం లేదు, నిద్ర పట్టడం లేదు. ఎవరికైనా చెబితే వీసాకి ఇబ్బందా? చప్పుడు కాకుండా డ్రాప్ చేసేయనా?

జవాబు 1:
తమ్ముడూ, డ్రాప్ బటన్ ఇప్పుడే నొక్కొద్దు. మీ యూనివర్సిటీలో మూడు సబ్జెక్టులుంటేనే ఫుల్ టైమ్ అయితే, ఇంటర్నేషనల్ ఆఫీసులోని డీఎస్ఓ (విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే అధికారి) ముందే అనుమతి ఇవ్వకుండా ఒకటి తగ్గిస్తే ఎఫ్-1 స్టేటస్ పోతుంది. చెప్పకపోవడంలోనే ప్రమాదం ఉంది. ముందే అడిగినవాళ్లకి ‘రెడ్యూస్డ్ కోర్స్ లోడ్’ (తక్కువ సబ్జెక్టులతో చదివే అనుమతి) అనే దారి ఉంది. ఇక్కడి బోధనా పద్ధతి కొత్త కావడం, తగని కోర్సులో చేరడం వంటి కారణాలకైతే ఒక డిగ్రీ స్థాయిలో ఒక్కసారే ఇస్తారు. కనీసం సగం లోడ్ చదవాలి, తర్వాతి సెమిస్టర్‌లో మళ్లీ ఫుల్ టైమ్. ఆరోగ్య కారణాలకైతే మొత్తం కలిపి 12 నెలల దాకా ఇవ్వొచ్చు, కానీ ప్రతి టర్ముకీ కొత్త అనుమతి కావాలి. దానికి లైసెన్సున్న డాక్టరో సైకాలజిస్టో లేఖ ఇవ్వాలి. ఏ కౌన్సెలర్ సంతకం పడితే అది చెల్లదు, ఎవరిది కావాలో డీఎస్ఓనే అడుగు.

జవాబు 2:
దానికంటే ముందు టీఏ (టీచింగ్ అసిస్టెంట్) ఆఫీస్ అవర్స్‌కి, అంటే సందేహాలు అడగడానికి కేటాయించిన గంటల్లో, వెళ్లు నాన్నా. “అర్థం కావట్లేదు” అంటే వాళ్లకీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. హోంవర్క్ కాగితం తీసుకెళ్లి, “ఇక్కడిదాకా చేశాను, ఈ స్టెప్ దగ్గర ఆగిపోయాను” అని చూపించు. ఎక్కడ ఆగిపోయావో గుర్తుపట్టి నోరు తెరిచి అడగడానికి ధైర్యం కావాలి, అది చేతకానితనం కానే కాదు. మన కాలేజీల్లో లెక్చరర్ ఏమనుకుంటారో అని వెనక బెంచీలో ఊరుకుంటాం. ఇక్కడ ఆ గంటలు పెట్టిందే అడిగేవాళ్ల కోసం. సీనియర్ల చేత కాన్సెప్టు చెప్పించుకో, వాళ్ల పాత అసైన్‌మెంట్ మాత్రం ముట్టుకోకు. కాపీ కేసైతే డిగ్రీకే ముప్పు.

నిద్ర సంగతి కాంపస్ కౌన్సెలింగ్ సెంటర్‌లో చెప్పు. అక్కడి నోట్స్ సెవిస్‌లోకి (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్) వెళ్లవు. గోప్యతకి ప్రాణాపాయం వంటి మినహాయింపులుంటాయి, అవేంటో మొదటి సిట్టింగ్‌లోనే అడుగు. బతకాలని లేదనిపిస్తే, అర్ధరాత్రయినా సరే, 988 హెల్ప్‌లైన్‌కి కాల్ చెయ్యి, టెక్స్ట్ అయినా పెట్టొచ్చు.

జవాబు 1:
డీఎస్ఓ దగ్గరికి వెళ్లేటప్పుడు కోర్సు పేర్లు, క్రెడిట్లు, డ్రాప్ గడువు తేదీ రాసుకెళ్లు. అసిస్టెంట్‌షిప్ ఉంటే దాని షరతులూ అడుగు. అనుమతి సెవిస్‌లో నమోదైందని ఈమెయిల్ వచ్చాకే డ్రాప్ చెయ్యి.